మంగళవారం తుడిచిన చుక్క

మా బావ పదకొండేళ్ళుగా ఆకాశాన్ని ఫోటోలు తీస్తున్నాడు. ఈ పదకొండేళ్ళలో ఒక్కసారైనా తలెత్తి దాన్ని తిన్నగా చూశాడని నేననుకోను. ధ్రువ నక్షత్రం ఎక్కడుందో చూపించమని ఒకసారి అడిగితే, "ఉండరా, ఫోన్లో చూసి చెప్తాను" అన్నాడు. టెలిస్కోపుకి మోటారు ఉంది, మోటారుకి కంప్యూటరు ఉంది. అది వెతికి పెడుతుంది, కెమెరా తీసి పెడుతుంది. ఈయన డాబా మీద మెట్ల గదిలో కుర్చీ వేసుకుని కునికిపాట్లు పడతాడు. పొద్దున్నే లేచి "ఆకాశం అద్భుతంగా ఉందిరా" అంటాడు. ఎవరు చూశారట?

నేను పటాలు కట్టేవాణ్ణి. నా కొట్టుకి వచ్చేవి సర్టిఫికెట్లు, పోయినవాళ్ళ ఫోటోలు, రెండు కొండల మధ్య సూర్యుడున్న సీనరీలు. మనుషులు గోడకి ఏం తగిలించుకుని మురిసిపోతారో ఇరవయ్యారేళ్ళుగా చూస్తున్నాను కాబట్టి మనుషుల మీద నాకు పెద్ద గౌరవం మిగల్లేదు. మా బావ మీద మరీనూ. అక్క మొగుడు కాబట్టి అద్దం మాత్రం మంచిది వేసిస్తాను.

ఆయన అసలు ఉద్యోగం పక్క వీధి ఫోటో స్టూడియోలో టచింగ్. అంటే ఫోటో దిగినవాళ్ళ మొహం మీద మొటిమలు, గాట్లు, కళ్ళ కింద నలుపు, మెడ మీద ముడతలు తుడిచెయ్యడం. ఫిల్ము రోజుల్లో పెన్సిలు సూదిలా చెక్కుకుని నెగటివ్ మీద చుక్క చుక్కగా దిద్దేవాడు, బ్లేడుతో గీకేవాడు. ఇప్పుడు మౌసు వచ్చింది. ముప్పై ఏళ్ళలో ఊళ్ళో సగం మందిని నున్నగా చేసి పంపించాడు. అందరూ ఆయన్ని 'టచింగ్' అనే పిలుస్తారు. "టచింగ్ ఉన్నాడా?" అనుకుంటూ లోపలికి వస్తారు. ఆ పిలుపంటే ఆయనకి ఒళ్ళుమంట. ఆ మంటలోంచే ఈ ఆకాశం పిచ్చి పుట్టింది.

ఒకసారి ఒక ముసలామె కవరు పట్టుకుని స్టూడియోకి వచ్చిందట. పోయిన భర్త ఫోటో పెద్దది చేయించుకుంది. ఆయనకి నుదుటి మీద గాటు ఉండేది, చిన్నప్పుడు ఇనపగేటు కొట్టుకున్నది. మా బావ దాన్ని శుభ్రంగా తుడిచేశాడు. ఆమె ఫోటో కౌంటరు మీద పెట్టి, "బాబూ, ఈయన బాగున్నాడు గానీ మా ఆయన కాదు" అని వెళ్ళిపోయింది. ఆ రోజు మా బావ అన్నం ముట్టలేదని అక్క వచ్చి చెప్పింది. నాకేం జాలి వెయ్యలేదు. ఏళ్ళ తరబడి తను చేస్తున్న పని ఏమిటో ఒక ముసలామె వచ్చి చెబితే గానీ తెలియని మనిషి మీద జాలెందుకు? మరుసటి నెల టెలిస్కోపు కొన్నాడు. "ఆకాశమైతే కవరు పట్టుకుని తిరిగి రాదుగా" అన్నాడు.

ఇక అక్కణ్ణుంచి మా చెవులు చిల్లులు పడ్డాయి. ఒక్క బొమ్మకి నూట ఇరవై ఫోటోలు తీస్తాడు, ఒక్కొక్కటి మూడు నిమిషాలు. వాటన్నిటినీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేరుస్తాడు. అలా పేరిస్తే కెమెరా తెచ్చిపెట్టిన గరుకంతా అణిగిపోయి, అన్నిట్లోనూ ఉన్నది మాత్రమే పైకి తేలుతుందట. అది పరిశీలన అంటాడు. ఆ తర్వాత ఎరుపు ఎంత, నీలం ఎంత, నలుపు ఎంత నల్లగా ఉండాలి అని మూడేసి రోజులు తంటాలు పడతాడు. అది కళ అంటాడు.

"అసలా రంగు నిజంగా ఉందా బావా?" అని అడిగానొకసారి.

"ఉందిరా. మన కంటికి అందదు, అంతే."

"అందనిది అంత ఎర్రగా ఉందని నీకెలా తెలిసింది?"

"అక్కడే ఉంది కళ."

"అక్కడే ఉంది టచింగ్" అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ వారం నాకు ప్రాణం హాయిగా ఉంది.

ఆయన బొమ్మలకి గిరాకీ లేకపోలేదు. పళ్ళ డాక్టరు నాలుగు పట్టుకెళ్ళి రోగులు కూర్చునే గదిలో వరసగా పెట్టాడు. పన్ను పీకించుకోబోయేవాళ్ళకి విశ్వం చూపిస్తే నెప్పి తగ్గుతుందని ఆయన ఉద్దేశం కాబోలు. చూసినవాళ్ళందరూ ఒకటే మాట అంటారు: "అబ్బ, పెయింటింగ్ లాగా ఉంది." మా బావ నవ్వి ఊరుకుంటాడు గానీ లోపల ఉడికిపోతాడు. ఆయనకి కావాల్సింది పెయింటింగ్ అనిపించుకోవడం కాదు.

కావాల్సింది ఏమిటంటే, ఊళ్ళో ఆకాశం సంఘం అని ఒకటి ఉంది, మా బావ అందులో సభ్యుడే. గ్రంథాలయం మేడ మీద హాల్లో ప్రతి ఆదివారం పొద్దున పదిగంటలకి కలుస్తారు. పట్టపగలు కూర్చుని నక్షత్రాల గురించి మాట్లాడుకునే తెలివైనవాళ్ళు. అధ్యక్షుడు సర్వే ఆఫీసులో చేసి రిటైరయిన మనిషి. జేబులో మూడు పెన్నులు, మాటకి ముందు ఒక దగ్గు. ఆయన దగ్గర లావుపాటి అట్టపుస్తకం ఉంటుంది. పరిశీలనల పుస్తకం. చూసిన తేదీ, వేళ, చోటు, చూసినది, చూసినవారు, సాక్షి అని గళ్ళు గీసి ఉంటాయి. తోకచుక్కో గ్రహణమో చూసి అందులో పేరెక్కితే ఆ మనిషి పరిశీలకుడు. పేరు లేనివాడు ఎన్ని బొమ్మలు తీసినా బొమ్మలవాడే. ఏడాదికోసారి పెట్టే ప్రదర్శనలో బొమ్మలవాళ్ళ పటాలు బాత్రూముకి వెళ్ళే నడవాలో తగిలిస్తారు.

"మీవి చాలా బాగుంటాయండీ" అనేవాడు అధ్యక్షుడు, దగ్గి. "కానీ అవి బొమ్మలు."

ఒకరోజు మా బావ నా కొట్లో స్టూలు మీద కూలబడి, "ఒక్క వరసరా. ఆ పుస్తకంలో ఒక్క వరస నా పేరుండాలి. ఇంకేం అక్కర్లేదు" అన్నాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, గళ్ళ పుస్తకంలో వరస కోసం! నేను పగలబడి నవ్వాను.

ఈ ఏడాది ప్రదర్శన ఆదివారం అనగా, సోమవారం రాత్రి మబ్బు విడింది. ఆయన ఒక గెలాక్సీని పట్టాడు. గెలాక్సీ అంటే కోటానుకోట్ల నక్షత్రాల గుంపు, మనకి కనబడేసరికి అరచేతంత మసక. టైము లేదని ఎప్పుడూ మూడు రోజులు చేసే పని ఈసారి ఒక్క పూటలో లాగించేసి, మంగళవారం పొద్దున పదకొండింటికి ప్రూఫ్ పట్టుకుని నా కొట్టుకి వచ్చాడు.

కాగితం బల్ల మీద పరిచాడు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, నేను చేతిలో అద్దం కోసే కలం పక్కన పెట్టాను. నల్లటి నలుపులో వాలుగా ఒక వెలుతురు, మధ్యలో లేత పసుపు, అంచులకి పోయేకొద్దీ నీలం, ఆ నీలంలో ఎర్రటి నలకలు. ఈ మనిషి చేతిలోంచి ఇది ఎలా వచ్చిందా అని నాకు కడుపు మండింది. బాగుంది అనడానికి నోరు రాక, తప్పు వెతకడం మొదలుపెట్టాను. నా వృత్తిలో తప్పులు వెతకడం కష్టం కాదు. మధ్య పసుపుకి పక్కనే, కాస్త కిందగా, తెల్లటి చుక్క ఒకటి కనిపించింది.

"ఇదేంటి బావా, ఈగ రెట్ట వేసిందా?" అన్నాను. గుడ్డతో రుద్దాను. పోలేదు. "ప్రింటులోనే ఉంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. నా భూతద్దం అడిగి తీసుకుని వంగాడు. "నేను చూడనేలేదే" అన్నాడు. "ఏ దుమ్మో పడి ఉంటుంది."

"దుమ్మో ధూళో, ముక్కు పక్కన పులిపిరిలా ఉంది. మచ్చతో పటం కట్టిచ్చానంటే నా కొట్టు పరువు పోతుంది. నీ ఉద్యోగమేగా, వెళ్ళి తుడుచుకు రా."

వెళ్ళాడు. అరగంటలో ఇంకో ప్రింటు తెచ్చాడు. చుక్క లేదు. అది ఎక్కడ ఉండేదో నేను కూడా పట్టుకోలేకపోయాను. ఆ పనిలో ఆయన చెయ్యి అలాంటిది, ఒప్పుకోవాలి. నల్ల బద్ద వేసి పటం కట్టాను. ప్రదర్శనకి పెట్టే పటాల కింద తీసిన తేదీ, వేళ రాసి తీరాలని అధ్యక్షుడి నియమం కాబట్టి, అట్ట మీద 'సోమవారం రాత్రి' అని చిన్న అక్షరాలతో రాయించి, ఆ సాయంత్రమే పటాన్ని సంఘానికి అప్పగించాడు. మొదటి కాగితాన్ని నేను జిగురు డబ్బా కింద పరుచుకున్నాను.

శుక్రవారం అధ్యక్షుడు మా బావకి ఫోన్ చేశాడు. పదకొండేళ్ళలో ఆయన ఫోన్ చెయ్యడం అదే మొదలు. విషయమేమిటంటే, ఆ గెలాక్సీలో ఒక నక్షత్రం పేలింది. ఎక్కడో వేరే దేశంలో ఒకాయన గురువారం చూసి ప్రపంచానికంతటికీ చాటాడు. ఇప్పుడు శాస్త్రవేత్తలందరూ అడుగుతున్నదల్లా, అంతకు ముందు రోజుల్లో ఎవరైనా దాన్ని ఫోటో తీశారా అని. మా బావ పటం చూస్తే సోమవారం అక్కడేమీ లేదు. అంటే పేలిన వెలుగు మనకి చేరింది సోమవారం రాత్రి తర్వాతే.

"లేదని చూపించడం కూడా పరిశీలనేనండీ" అన్నాడట అధ్యక్షుడు, దగ్గడం మర్చిపోయి. "ఆదివారం అందరి ముందూ పుస్తకంలో మీ పేరు రాస్తాను. శాస్త్రవేత్తలకి మీ బొమ్మ పంపిస్తాను."

శనివారం మధ్యాహ్నం మా బావ కొట్టుకి వచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఆ మొదటి కాగితం ఏదిరా?"

జిగురు డబ్బా ఎత్తాను. కాగితం మీద గుండ్రంగా జిగురు మరక. మరక లోపల పసుపు వెలుతురు, దాని పక్కన చుక్క. అది ఏమిటో ఇద్దరికీ అర్థమైంది. ప్రపంచంలో అందరికంటే మూడు రోజుల ముందు మా బావ దాన్ని పట్టాడు. పట్టి, తుడిచేశాడు. నేను తుడవమన్నాను.

"ఫైళ్ళు కూడా చూశాను. నూట ఇరవైలోనూ ఉంది" అన్నాడు.

"ఉంటే ఉండనీ. ఎవరికి తెలుసు? నీకూ నాకూ."

"లేదని నమ్మి వాళ్ళు లెక్కలు కడతార్రా. అంతా తప్పు వస్తుంది."

"నువ్వే చెప్పావుగా, ఆ వెలుగు బయల్దేరి కొన్ని కోట్ల ఏళ్ళయిందని. సోమవారమైతే ఏంటి, గురువారమైతే ఏంటి? ఎవరి కొంప మునిగింది?" అన్నాను. "పదకొండేళ్ళు ఒక్క వరస, ఒక్క వరస అని నా బుర్ర తిన్నావు. రేపు రాస్తున్నారు. నోరు మూసుకుని కూర్చో."

ఆయన కాగితాన్ని చుట్ట చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళి చింపేస్తాడని నాకు గట్టి నమ్మకం. ముప్పై ఏళ్ళు మచ్చలు తుడిచినవాడికి ఇంకో మచ్చ ఒక లెక్కా? నా మాట విన్నందుకు సంతోషించాను. విన్నాడన్న దానికే ఇంకాస్త చులకన కూడా అయ్యాడు. నా బుద్ధి అలాంటిది.

ఆదివారం హాలు నిండిపోయింది. అక్క మంచి చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. బాత్రూము నడవాలో ఉండాల్సిన పటం వేదిక మీదికి వచ్చింది. పళ్ళ డాక్టరు దాని పక్కన నిలబడి ఫోటో కూడా దిగాడు. అధ్యక్షుడు లేని చుక్క గురించి పావుగంట మాట్లాడాడు. తర్వాత పుస్తకం తెరిచి, మూడు పెన్నుల్లోంచి ఒకటి ఎంచుకుని, మా బావని పైకి పిలిచాడు.

మా బావ వెళ్ళాడు. చొక్కా లోపల్నించి చుట్ట చుట్టిన కాగితం తీశాడు.

"ఆగండి, రాయకండి" అన్నాడు. "సోమవారం అది ఉందండీ. ఇదిగో చూడండి. నేనే తుడిచేశాను."

కాగితం విప్పి పటం పక్కన పట్టుకున్నాడు. జిగురు మరక వెనక వరస దాకా కనిపించింది. ఒక నిమిషం ఎవరికీ ఏమీ బోధపడలేదు. బోధపడ్డాక వెనకనుంచి ఎవడో "టచింగ్ నక్షత్రానికి కూడా టచింగ్ చేశాడ్రోయ్" అన్నాడు. హాలంతా గొల్లుమంది. పళ్ళ డాక్టరు కూడా నవ్వాడు, నాలుగు బొమ్మలు పట్టుకెళ్ళినవాడు. అక్క తల దించుకుంది. నేను పదకొండేళ్ళుగా నవ్వుతున్న నవ్వే అది. నలుగురి నోట వింటే ఎంత నీచంగా ఉందో అప్పుడు తెలిసింది.

అధ్యక్షుడు మాత్రం నవ్వలేదు. ఆ మనిషిని నేను ఇన్నాళ్ళూ వట్టి గళ్ళపుస్తకం అనుకున్నాను. ఆయన కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసి వచ్చాడు.

"దీన్ని తుడిచింది ఎప్పుడు?"

"మంగళవారం పొద్దున పదకొండున్నరకి."

"తుడిచారంటే చూసినట్టే కదండీ" అన్నాడు అధ్యక్షుడు నెమ్మదిగా. "మచ్చ అనుకున్నా సరే, చూడటం చూడటమే. అదేమిటో తెలుసుకుని చూడాలని మా నియమాల్లో ఎక్కడా లేదు. ఫైళ్ళున్నాయి, తేదీ ఉంది. ప్రపంచంలో అందరికంటే ముందు చూసినవారని రాసుకోవచ్చు. ఒక్కటే అడుగుతున్నాను. ఆ చుక్కని మీ అంతట మీరు చూశారా?"

హాల్లో నవ్వు ఆగిపోయింది. నేను కుర్చీ అంచుకి జరిగాను. చూశానని చెప్పు బావా, ఒక్క మాట, చెప్పి చావు అని లోపల్లోపల గింజుకున్నాను. ఆయన మంచి కోసం నేను ఏదైనా కోరుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను. అప్పుడు కోరింది కూడా అబద్ధమే.

ఆయన నా వైపు చెయ్యి చూపించాడు.

"లేదండీ. తీసింది నేనే గానీ నేను చూడలేదు. పటాల కొట్లో మా బావమరిది చూపిస్తే అప్పుడు చూశాను."

"పుస్తకంలో 'తీసినవారు' అని గడి లేదండీ" అన్నాడు అధ్యక్షుడు. ఆయన గొంతులో బాధ వినిపించింది. "'చూసినవారు' అనే ఉంది."

"తెలుసండీ. పదకొండేళ్ళుగా చదువుతున్నాను" అన్నాడు మా బావ.

నన్ను పైకి పిలిచారు. తేదీ, మంగళవారం. వేళ, ఉదయం పదకొండు. చోటు, పటాల కొట్టు. అధ్యక్షుడు ఒక్కొక్కటి అడుగుతూ సిరాతో రాశాడు. 'చూసినది' అన్న గడి దగ్గర కలం ఆపి, "అప్పుడు మీరు ఏమన్నారు? ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నాడు.

"ఈగ రెట్ట అన్నానండీ."

ఎవరూ నవ్వలేదు. ఆయన అదే రాశాడు. తర్వాత నా పేరు అడిగాడు. ఊళ్ళో అందరినీ తూలనాడే నోరు నాది, నా పేరు చెప్పడానికి రెండుసార్లు తడబడింది. 'చూసినవారు' అన్న గడిలో నా పేరు ఎక్కింది. ఇంతవరకూ ఆకాశం వంక కన్నెత్తి చూడని నా పేరు.

"సంఘంలో సభ్యులు కానివారు చూస్తే సభ్యుడు ఒకరు సాక్షి సంతకం పెట్టాలి" అన్నాడు అధ్యక్షుడు.

మా బావ అధ్యక్షుడి చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. చిట్టచివరి గడిలో వంగి, అక్షరం అక్షరం విడదీసి, పూర్తి పేరు రాసి సంతకం పెట్టాడు. ఆ పుస్తకంలో ఆయన పేరున్నది అక్కడ ఒక్కచోటే.